చేతితో చేసిన చిన్న గిన్నె

చదువవలసిన వాక్యభాగములు: యిర్మీయా 18:1–6, 19:1–11, ఆదికాండము 2:7



కుమ్మరి అనగానే మనకు సారె జ్ఞాపకము వచ్చును. యిర్మీయా ప్రవక్త కుమ్మరి యింటికి వెళ్లినప్పుడు అతడు సారెమీద పని చేయుచుండెనని 18వ అధ్యాయములో చదువుచున్నాము. అచ్చట సారె అని తర్జుమా చేయబడిన హెబ్రీ మాటకు రెండు రాళ్లు అని అర్థము. క్రిందొకటి పైనొకటిగా అమర్చిన రాతి చక్రములని పండితులు చెప్పుదురు. అయితే ఆదికాండము 2:7లో నరుని నిర్మించిన సంగతి చెప్పబడినప్పుడు సారె ప్రస్తావన లేదు. ఆ వచనములోని క్రియాపదమును, హెబ్రీ భాషలో కుమ్మరికి గల పేరును ఒక్క ధాతువునుండియే పుట్టినవి. మట్టి తప్ప వేరు సరంజామా ఏదియు అక్కడ కనబడదు.

ఈ నెల పాఠములో సారె లేకుండ చేతితోనే చిన్న పాత్రలు చేయు పనిని గూర్చియు, ఆ పని నేర్పు బడులను గూర్చియు తెలిసికొందము. ఇది మనకేల అందురేమో. యిర్మీయా 18, 19 అధ్యాయములలో రెండు పాత్రలున్నవి. ఒకటి కుమ్మరి చేతిలో చెడిపోయినను మరల చేయబడినది. రెండవది పగిలిన తరువాత బాగుచేయుటకు వీలులేనిది. రెండును మంటివే. ఈ భేదము ఎక్కడనుండి వచ్చినదో కుమ్మరి బడిలో నెల దినములు కూర్చున్న పిల్లవానికి తెలియును. పుస్తకములు మాత్రమే తిరుగవేసిన మనబోటివారు దానిని దాటి వెళ్లిపోవుదుము.

సారె లేని కుమ్మరము

మట్టిపాత్రల చరిత్రలో సారె మిక్కిలి ఆలస్యముగా వచ్చినది. చైనా దేశములో ఒక గుహలో దొరికిన పెంకులు సుమారు 20,000 సంవత్సరముల నాటివని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సారె పుట్టినది దానికి ఎన్నో వేల ఏండ్ల తరువాత. అంతవరకు మనుష్యులు తమ వ్రేళ్లతోనే పాత్రలు చేసికొనిరి. మన దేశములోనే మణిపురము నందు ఆంద్రో అను గ్రామములో స్త్రీలు సారె లేకుండ కుండలు చేయుదురు. అదే రాష్ట్రములో ఉఖ్రూల్ జిల్లాలోని లోంగ్‌పి గ్రామస్థులు తాంఖుల్ నాగులు, వారిలో అత్యధికులు క్రైస్తవులే. వారు ఒక నల్లని రాతిని పొడిచేసి మట్టితో కలిపి, చేతులతోను అచ్చులతోను పాత్రలు మలచి, ఆరుబయట మంటలో కాల్చుదురు. వేడి తగ్గకమునుపే ఒక చెట్టు ఆకులతో రుద్దుటవలన ఆ పాత్రలకు నల్లని నిగనిగ వచ్చును.

ఇక్కడ మరియొక సంగతి చెప్పవలెను. మన దేశములో అనేక ప్రాంతముల కుమ్మర కుటుంబములలో స్త్రీలు మన్ను తెచ్చుట, తొక్కుట, రంగు పూయుట మొదలైన కష్టమంతయు చేసినను, సారెను మాత్రము ముట్టరాదను కట్టుబాటు ఉండెను. చేతిపనికి అట్టి కట్టుబాటు లేదు. అందుచేతనే సారె లేని కుమ్మరము చాల దేశములలో స్త్రీల విద్యగా నిలిచినది. ఆఫ్రికా ఖండములోని నైజీరియా దేశస్థురాలు లాడి క్వాలి చరిత్ర దీనికి మంచి దృష్టాంతము.

ఆమె సుమారు 1925లో క్వాలి అను గ్రామములో పుట్టినది. తన యింటి పెద్ద స్త్రీల యొద్ద చిన్నతనముననే కుండలు చేయుట నేర్చుకొనెను. మట్టిముద్దలో పిడికిలి గ్రుద్ది గుంట చేసి, ప్రక్కలను పైకి లాగి, ఆపైన లావుపాటి మట్టి వత్తులను చుట్టుగా పేర్చి అతుకుట వారి పద్ధతి. కుండ తిరుగదు గనుక చేయు మనిషియే కుండ చుట్టు తిరుగును. తడి యారకమునుపే దానిమీద బల్లి, పాము, మొసలి మొదలైన బొమ్మలు గీసి, ఎండుగడ్డి మంటలో కాల్చుదురు.

1950 తరువాతి సంవత్సరములలో మైకేల్ కార్డ్యూ అను ఇంగ్లండు దేశపు కుమ్మరి, అప్పటి వలస ప్రభుత్వము పక్షముగా అబూజా పట్టణములో ఒక కుమ్మరి శిక్షణాలయము నడిపెను. ఆ పాత అబూజాకు నేడు సులేజా అని పేరు. అక్కడ యువకులు సారెపని, గాజుపూత, బట్టీ కాల్చుట నేర్చుచుండిరి. ఆ ఊరి ఎమీరు గృహములో లాడి క్వాలి చేతి కుండలను కార్డ్యూ చూచెను. 1954లో ఆమె ఆ శిక్షణాలయములో చేరిన మొదటి స్త్రీ అయ్యెను.

ఆమె వచ్చినది విద్యార్థినిగా. సారెయు నేర్చుకొనెను, పూతలును నేర్చుకొనెను. అయితే తన చేతిపనిని విడువలేదు. తమ గ్రామములలో స్త్రీలు చేయు పని గొప్పదని ఆ యువకులు ఆమెవలననే గ్రహించియుందురని మనము ఊహింపవచ్చును. ఆమె కుండలు లండను నగరములో ప్రదర్శింపబడెను. 1977లో అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయము ఆమెకు గౌరవ డాక్టరేటు నిచ్చెను. ఆమె 1984లో మరణించెను. ఆ శిక్షణాలయమునకు ఆమె పేరే పెట్టిరి. నైజీరియా 20 నైరాల నోటుమీద ఆమె కుండ చేయుచున్న బొమ్మ ముద్రింపబడినది.

ఒక్క మాట. గడ్డిమంటలో కాలిన కుండ నీటిని చెమర్చును. ఆ చెమటవలననే లోపలి నీరు చల్లబడును. గాజుపూత పూసి అధికమైన వేడిలో కాల్చిన కుండ చెమర్చదు. కాబట్టి శిక్షణాలయములో పూతవేసిన ఆమె కుండలు చూడ ముచ్చటగా నున్నను, ఊరిలోని కుండవలె నీళ్లు చల్లబరచు పనికి రావు. బడి ఒకటి ఇచ్చి మరియొకటి తీసికొనుటయు కలదు.

అరచేతిలో గిన్నె

నేడు మన దేశములోను ఇట్టి బడులున్నవి. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అను అమెరికా దేశస్థులు 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అను కార్యశాలను స్థాపించి అనేకులకు నేర్పిరి. హిమాచల ప్రదేశములోని అంద్రెట్టా గ్రామమున సర్దార్ గురుచరణ్ సింగును, ఆయన కుమారుడును 1983లో మరియొకటి నెలకొల్పిరి. పెద్ద పట్టణములలో స్టూడియోలను పేరుతో చిన్నవి అనేకములు వెలసినవి. కుమ్మర కులమున పుట్టనివారు, గుమాస్తాలు, గృహిణులు, బడిపిల్లలు అక్కడికి వచ్చి నేర్చుకొందురు. చాలచోట్ల మొదటి పాఠము సారె కాదు. అరచేతిలో పట్టు చిన్న గిన్నె.

దానికి నారింజపండంత మట్టిముద్ద చాలును. మొదట మట్టిని బల్లమీద పిసుకుదురు. మన యిండ్లలో రొట్టెపిండి పిసికినట్లే, అయితే మరికొంత బలముగా. లోపలి గాలి పోయి, గట్టి చోటు, మెత్తని చోటు లేక ముద్ద అంతయు ఒక్క తీరున నుండవలెను. పిసికిన ముద్దను తీగతో రెండుగా కోసి చూతురు. కోసిన ముఖమున చిల్లులు కనబడినయెడల మరల పిసుకవలసినదే. కొత్తవారికి ఈ భాగము విసుగు. వ్రేళ్లు గిన్నె కోసము తహతహలాడుచుండగా, బోధకురాలు ముద్దను కోసి, ఇంకను కాలేదని చెప్పును.

తరువాత ముద్దను ఎడమ అరచేతిలో పెట్టుకొని కుడి బొటనవ్రేలు నడుమ గ్రుచ్చుదురు. అడుగున చిటికెనవ్రేలి మందము మిగులవలెను. అక్కడనుండి బొటనవ్రేలు లోపల, తక్కిన వ్రేళ్లు వెలుపల ఉంచి, ఒక నొక్కు నొక్కి, ముద్దను కొంచెము త్రిప్పి, మరల నొక్కుచు పోవలెను. అడుగునుండి అంచువరకు ఇట్లు మెల్లగా ఎక్కవలెను. అంచును మొదటనే పలుచన చేసినవారి గిన్నె పళ్లెమువలె విచ్చుకొనిపోవును. లాడి క్వాలి పిడికిలితో చేసిన పనియు, ఈ బొటనవ్రేలి పనియు ఒక్కటే, కొలతలోనే భేదము.

చేతి వేడికి మట్టి తడి యారి అంచు చీలును. అప్పుడు కొత్తవారు నీళ్లు పూయుదురు. నీళ్లు పూసినకొలది మట్టి పైన జారుచు, లోపల బలహీనమగును. తడి వ్రేలితో చీలికను ఒక్కసారి రుద్ది, గిన్నెను బోర్లించి కొంతసేపు విడిచిపెట్టుట మేలు. గిన్నెకు కూర్చుండు చోటు కావలెను గనుక, అడుగును బల్లమీద మెల్లగా తట్టుదురు. ఇంతే పని. చెప్పుటకు నాలుగు వాక్యములు గాని, గోడ మందము చుట్టు ఒక్క తీరుగా వచ్చుటకు ఇరువది గిన్నెలైనను చేయవలెను.

ఆ ఇరువది గిన్నెలు ఏమగును? ఇక్కడనే బడి కఠినముగా కనబడును. అనేక బడులలో బోధకులు విద్యార్థి తొలి గిన్నెలను తీగతో నిలువున రెండుగా కోయింతురు. కోసిన ముఖమున గోడ ఎక్కడ లావో, ఎక్కడ పలుచనో దాగదు. వెలుపలినుండి అందముగా కనబడిన గిన్నె అడుగున రెండంగుళముల మట్టి పేరుకొనియుండుట అప్పుడు బయటపడును. తన చేతితో తొలిసారి చేసినదానిని తానే కోయుట ఎవరికైనను కష్టమే. కొందరు దానిని సంచిలో దాచుకొని యింటికి పట్టుకొనిపోవుదురు. అట్లు దాచినవారు తమ గోడ మందమును ఎన్నడును చూడలేదు గనుక, తరువాతి గిన్నెలోను అదే తప్పు చేయుదురని బోధకులు చెప్పుదురు. కోసిన ముక్కలు బాల్చీలో పడును. ఆ బాల్చీలో నీళ్లుండును. ఒకటి రెండు దినములలో ముక్కలు తమంతట తామే కరగి అడుసగును. ఆ అడుసును గుడ్డమీద గాని, సున్నపు పలకమీద గాని పరచి ఆరనిచ్చి, మరల పిసికి ముద్ద చేయుదురు. నిరుడు ఎవరో చెడగొట్టిన గిన్నెయే నేడు మరియొకరి ముద్ద. మట్టి ఏమియు పోలేదు.

యిర్మీయా 18:4లో మనము చదువునది ఈ స్థితిలోని మట్టినిగూర్చియే. కుమ్మరి చేతిలో పాత్ర చెడినను అతడు దానిని పారవేయలేదు, మరియొక పాత్రగా చేసెను. తడిమట్టికిది సహజము. ఎండిన మట్టికిని ఇది సాధ్యమే. పూర్తిగా ఎండి రాయివలె నున్న పచ్చి గిన్నెను నీళ్లలో వేసినను అది కరగిపోవును. అగ్ని తగులునంతవరకు మరల చేయుటకు తావు కలదు.

ఆరుట

విత్తుటకు భూమికి పదును కావలసినట్లే, మట్టిపనికిని పదును కావలెను. గిన్నెకు పిడి గాని, కాళ్లు గాని అతుకుటకు మంచి పదును ఏదనగా, వ్రేలితో నొక్కిన సొట్టపడక, గోటితో గీసిన గీత పడునది. అతుకు రెండు చోట్లను అడ్డదిడ్డముగా గీసి, అడుసు నీళ్లు పూసి, అదిమి పట్టవలెను. గిన్నె ఆరిపోయి, పిడి తడిగా నున్న యెడల అతుకు నిలువదు. ఎందుకనగా మట్టి ఆరునప్పుడు కుదించుకొనును. చేసిన నాటినుండి బట్టీ దిగువరకు చూచిన, అధికమైన వేడిలో కాల్చు మట్టి సాధారణముగా నూటికి పది పండ్రెండు వంతులు తగ్గును. ఆరిన గిన్నె తన తగ్గుదల ముగించుకొన్నది. తడి పిడి ఇంకను తగ్గవలసియున్నది. రెంటి నడుమ లాగులాటలో చీలిక వచ్చును. రెండును ఒక్క పదునులో నున్నప్పుడే కలిసి తగ్గి కలిసి నిలుచును.

ఇంకొక సంగతి. త్వరగా ఆరవలెనని గిన్నెను ఎండలో పెట్టరాదు. ఎండ తగిలిన వైపు ముందు కుదించుకొని గిన్నె వంకరపోవును. బడిలో ప్లాస్టిక్ కాగితము గాని, గుడ్డ గాని కప్పి వారము, పది దినములు అరమీద నుంచుదురు. ఆ అరలు చూడతగినవి. పదిమంది గిన్నెలు ప్రక్కప్రక్కనే, అడుగున వారి వారి గుర్తులతో నుండును. ఎవడును మరియొకని పచ్చిపాత్రను ముట్టరాదు. అంచు ఒక్కటే పట్టి ఎత్తరాదు. పని ముగిసిన పిమ్మట బల్లలు తడి స్పాంజితో తుడువవలెను. నేల ఊడ్వరాదు, తడిగుడ్డ పెట్టవలెను. ఎండిన మట్టి ధూళిలోని సన్నని ఇసుక ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరబడి హాని చేయును. పనిముట్లు కడిగిన నీళ్లను తూములో పోయరాదు, అడుగున పేరుకొన్న మట్టితో తూము మూసికొనిపోవును. ఇవన్నియు మొదటి దినముననే చెప్పుదురు. చెప్పినను నెలదినములు చెప్పుచునే యుండవలెను.

బట్టీ

మన గ్రామపు ఆవములో కుండలు, పిడకలు, కట్టెలు కలిసియుండును. స్టూడియోలలో ఇటుకలతో కట్టినవియు, కరెంటుతో గాని గ్యాసుతో గాని కాలునవియు అయిన బట్టీలుండును. ఒక మనిషి రెండు గిన్నెలకొరకు బట్టీ వెలిగింపరు. అందరివి చేరి బట్టీ నిండినప్పుడే కాల్చుదురు. పూతలేని మొదటి కాల్పులో గిన్నెలను ఒకదానిలో నొకటి కూడ పేర్చవచ్చును.

ఇక్కడ నష్టమున్నది. పైకి ఎండినట్లు కనబడు గిన్నె లావు అడుగున తడి దాగియుండవచ్చును. వేడి 100 డిగ్రీల సెంటీగ్రేడు చేరినప్పుడు ఆ తడి ఆవిరియగును. నీరు ఆవిరియైనప్పుడు 1,600 రెట్లకు మించి విరివియగును. దారి దొరకని ఆవిరి గిన్నెను చీల్చి ముక్కలుగా విసరివేయును. గాలిబుడగవలన గిన్నె ప్రేలినదని చాలమంది చెప్పుదురు గాని, అసలు కారణము తడియే. గాలి యున్న గిన్నెయైనను చక్కగా ఎండియున్నచో క్షేమముగా కాలును. ప్రేలినవాని గిన్నె ఒక్కటే పోదు. దాని ముక్కలు ప్రక్కనున్న వాటిమీద పడి వాటినికూడ పగులగొట్టును. వారము దినములు ఓపికతో ఆరబెట్టినవారి గిన్నె, రెండు దినములకే బట్టీలో పెట్టుమని బ్రతిమాలినవాని గిన్నె ప్రక్కన ఉన్నందున పాడగును. అందుచేత మంచి బోధకులు బట్టీ నింపునప్పుడు ప్రతి గిన్నెను చెంపకు ఆనించి చూతురు. చల్లగా తోచినచో ఇంకను తడియున్నట్లే. ఎంత బ్రతిమాలినను దానిని తిరిగి అరమీదనే పెట్టుదురు. దీనిని కొందరు నిర్దయ అనుకొందురు. ప్రక్క గిన్నె ఎవరిదో వారినడిగిన వేరు సమాధానము వచ్చును.

మొదట కొన్ని గంటలు బట్టీని మిక్కిలి సన్నని వేడిలోనే ఉంచుదురు. తరువాత మెల్లగా పెంచుదురు. సుమారు 450 మొదలు 600 డిగ్రీల లోపల మట్టిలో గొప్ప మార్పు జరుగును. అంతవరకు వెడలినది మట్టిరేణువుల నడుమనున్న నీరు. ఇప్పుడు వెడలునది మట్టిలో రసాయనికముగా కలిసియున్న నీరు. ఇది వెడలిన తరువాత ఆ పదార్థము మట్టి కాదు. నీళ్లలో ఏండ్ల తరబడి నానబెట్టినను అది అడుసు కాదు. మొదటి కాల్పును సాధారణముగా 950, 1000 డిగ్రీల వరకు కొనసాగించి, పిమ్మట గాజుపూత పూసి రెండవసారి ఇంకను అధికమైన వేడిలో కాల్చుదురు. పూత అడుగుకు తగిలిన యెడల కరగి బట్టీ పలకకు అంటుకొనును గనుక, అడుగు తుడిచి పెట్టవలెను.

ఇప్పుడు 19వ అధ్యాయము తెరచి చూడుడి. అక్కడ ప్రవక్త కుమ్మరి యింటికి పని చూచుటకు పోలేదు. కాల్చబడి అమ్మకమునకు వచ్చిన మంటికూజాను కొనెను. ఆ కూజాకు హెబ్రీలో గల పేరు, ఇరుకు మెడనుండి నీళ్లు బుడబుడ మని జారు శబ్దమునుబట్టి వచ్చినదందురు. దానిని పెద్దల యెదుట పగులగొట్టెను. కాలిన కూజా గనుక పగిలిన తరువాత దానిని బాగుచేయ వీలులేదని 11వ వచనము చెప్పుచున్నది. 18లోని మట్టియు 19లోని కూజాయు వేరు జాతులవి కావు. నడుమ బట్టీ ఉన్నది. మొదటి అధ్యాయములో కాలము మిగిలియున్నది, రెండవదానిలో ముగిసినది. ఈ రెండు అధ్యాయములను విడదీసి, 18ని మాత్రమే ఓదార్పుగా బోధించుట మన సంఘములలో వాడుక. కుమ్మరి బడిలోనివారు అట్లు విడదీయరు. బాల్చీలో వేయవలసిన గిన్నెను బాల్చీలో వేయుటకు బట్టీకి ముందే సమయమని వారికి తెలియును. గోడ లావని తెలిసియు, మొగమాటముచేత కోయక బట్టీకి పంపిన బోధకుడు విద్యార్థికి మేలు చేసినవాడు కాడు.

బట్టీ ఆరిన తరువాత వెంటనే తెరువరాదు. ఆతురపడి వేడిమీద తలుపు తీసిన, చల్లగాలి తగిలి బాగుగా కాలినవియు చిటిలిపోవును. లోపల 100 డిగ్రీలకు తగ్గువరకు ఆగవలెను. పెద్ద బట్టీకి ఇది ఒక దినము పట్టును. ఆ దినమంతయు విద్యార్థులు ఏదో ఒక నెపముతో బట్టీ గదిలోనికి వచ్చి పోవుచునే యుందురు. తలుపు తీసినప్పుడు ప్రతివాడు మొదట తన గిన్నెనే వెదకును, తరువాతనే ప్రక్కవానిది చూచును. మంచివి యింటికి పోవును. చిట్లినవి, ప్రేలినవి ఒక మూలనున్న డబ్బాలో చేరును. అవి బాల్చీకి పనికిరావు, కరగవు. అయితే పూతలేని పెంకులను రోటిలో దంచి, జల్లించి, ఆ పొడిని కొత్త మట్టిలో కలుపుదురు. కాలిన పొడి ఇక కుదించుకొనదు గనుక కొత్త మట్టి ఆరునప్పుడు చీలికలు తగ్గును, ఆవిరికి దారియు దొరకును. లావు గోడల పాత్రలు చేయువారు ఆ పొడి కలిపిన మట్టినే కోరి తీసికొందురు.